తడి గోనెలో దాచిన ఆకు

నలభై ఎనిమిదేళ్లకు నాకు అక్షరాలు వచ్చాయి. నేర్పింది నా బిడ్డే. ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలంటే, ముందు ఆమె పోయి వచ్చిన సంగతి చెప్పాలి.

మాది సుల్తానాబాద్. బీడీలు చుట్టి బతికే ఇల్లు. ఆ ఎండాకాలం, పదహారేళ్ల నా బిడ్డ జైనూర్ వైపు ఉండే మా అక్కతో కలిసి బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి అడవికి పోయి కనిపించకుండా పోయింది. తొమ్మిది రోజులు వెతికాం. పదో రోజు తానే నడుచుకుంటూ వచ్చింది. ఒంటి మీద అవే బట్టలు, కాళ్లకు అవే చెప్పులు. మాకు తొమ్మిది రోజులు. ఆమెకు ఆరు వానాకాలాలు.

ఆమె పోయిన చోట ఒక నది ఉందట. తెల్లవారగానే ఎవరో ఒకరు పేరు పెట్టి లేపితే తప్ప అందులో నీళ్లు కదలవట. ఆ పని నా బిడ్డది. ఊరంతా ఒడ్డున నిలబడి ఆమె గొంతు కోసం చూసేదట.

నేను నమ్మాను. అన్నంలో కారం ఎక్కువైందని అలిగే పిల్ల, వచ్చాక ఇల్లు నడిపిన ఆడమనిషిలా మాట్లాడేది. పని చెబితే, నాకు చెబుతున్నారా అన్నట్టు చూసేది. కాలేజీలో తోటి పిల్లలు నదమ్మ అని పేరు పెట్టారు. నాలుగు రోజులకు పోవడం మానేసింది. చర్చిలో అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆమె కళ్లు తెరిచే ఉంది.

పక్కింటి సాయిబుల ఆమె వచ్చి ధైర్యం చెప్పింది. "ఫికర్ చేయకు చెల్లె. పెండ్లి చేస్తే అన్నీ మర్చిపోతది."

"గట్ల పోయొచ్చినోళ్లను ఎవలు చేసుకుంటరు ఖాలా?" అంది నా బిడ్డ.

"మా ఆయన పన్నెండేండ్లు దుబాయిల ఉండొచ్చిండు. నేను ఇంట్ల పెట్టుకోలేదా?"

ఆ రోజు నా బిడ్డ నవ్వింది. ఆ నెలల్లో నేను చూసిన నవ్వు అదొక్కటే.

వచ్చేటప్పుడు ఒక ఆకు తెచ్చుకుంది. చూడటానికి తునికాకే. తడి ఆరకుండా నేను ఆకులు నానబెట్టుకునే గోనెలో అడుగున దాచుకుంది.

"గిది పచ్చగున్నన్ని దినాలు ఆడికి పోయే తొవ్వ తెరిచే ఉంటదే అవ్వా."

"పోతవా బిడ్డా?"

"తెల్వదు. తెల్లారంగనే మాత్రం పాణం గుంజుతది."

మూడు నెలలైనా ఆ ఆకు వాడిపోలేదు. ఒక పొద్దున నేను గోనె విప్పి, రేకు ముక్క కొలత పెట్టి, కత్తెరతో ఆకులు కోస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఆమె వచ్చి గోనె అంతా వెతికింది.

"నా ఆకేదే?"

"చూసుకోలే బిడ్డా. బీడీలల్ల పోయింది."

ఆమె ఏడవలేదు. గోనె మళ్లీ చుట్టిపెట్టి అడిగింది, "ఎన్ని బీడీలైనయ్?"

"రెండు."

అప్పటికే ఆ కట్టలు కార్ఖానాకు పోయాయి. ఎవరు తాగారో, ఏ బస్టాండులో తాగారో.

చూసుకోలేదని అక్కకు చెప్పాను, అయ్యగారికి చెప్పాను. చిన్నప్పటి నుంచి ఆకు కోసిన చేతులివి. చీకట్లో ఇచ్చినా ఏది తునికాకో, ఏది కాదో చెబుతాయి. ఆ ఆకు వేళ్లకు తగలగానే తెలిసింది. కత్తెర ఆపలేదు.

మర్నాటి నుంచి ఆమె చాట ముందేసుకుని నా పక్కన బీడీలు చుట్టింది. పిల్ల కుదుట పడిందని అందరూ సంతోషించారు. నాతో మాత్రం మాట లేదు. ఎట్లాగైనా పక్కన కూర్చోబెట్టుకోవాలని, "నాకు అక్షరాలు చెప్పు" అన్నాను. చెప్పింది. చెయ్యి పట్టుకుని దిద్దించింది. కూడబలుక్కుని రాయడం వచ్చాక, ఆమె అక్కడి గురించి చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు నది పేరు అడిగితే చాలాసేపు ఆలోచించి, యాదికి రావడం లేదంది. తర్వాత మిగతావీ ఆమె యాదిలోంచి ఒక్కొక్కటే పోయాయి.

ఇప్పుడు పెద్దపల్లిలో బట్టల షాపులో పని చేస్తోంది. మొన్న పొద్దున ఆమె తల దువ్వుకుంటుంటే నోటుబుక్కు తీసి చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"మంచిగున్నదే అవ్వా. ఎవలు చెప్పిండ్రు గీ కత?"

"ఒక పిల్ల చెప్పింది."

"గా పిల్ల ఇప్పుడు మంచిగున్నదా?"

"ఉన్నది. పనికి పోతున్నది" అన్నాను.

"గంతే సాలు" అని టిఫిన్ డబ్బా తీసుకుని బస్సుకు పోయింది.