అన్నిటికీ సున్నా నొక్కిన తాళాల బాబాయి

మా వీధిలో మెట్ల కింది దుకాణంలో తాళంచెవులు చేసే ఆయన్ని అందరం తాళాల బాబాయి అంటాం. ఎవరింటి తలుపు మొండికేసినా ఆయన రావాల్సిందే. పరాయి తలుపులు అంత ధీమాగా తీసే మనిషికి ఆస్పత్రి తలుపు చూస్తే మాత్రం చచ్చేంత భయం. అలాంటివాడికే పేగులో క్యాన్సర్ వచ్చింది. గడ్డ కోసి తీసేశారు. మళ్ళీ రాకుండా సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నారు.

ఆ ఆస్పత్రి వాళ్ళకి ఒక సంగతి తేల్చుకోవాలని ఉంది. మందు వల్ల కలిగే బాధల్ని ఎలా అడిగితే రోగులు దాచకుండా చెబుతారూ అని. ఎవర్ని ఎలా అడగాలో చీటీలు తీశారు. కొందరు డాక్టరు గది బయట కూర్చుని కాగితం మీద అంకెలు వేయాలి. కొందరికి నర్సు ఫోన్ చేసి మాట్లాడుతుంది. కొందరికి యంత్రమే ఫోన్ చేసి అడుగుతుంది. బాధ లేకపోతే సున్నా, భరించలేకపోతే తొమ్మిది.

బాబాయికి యంత్రం పడింది. మొహం లేనిది కదా, దాని ముందు సిగ్గేముంది, నిజం చెప్పేస్తాడనుకున్నారు. కానీ బాబాయి భయం వాళ్ళకేం తెలుసు?

పక్క కుర్చీలో మందు ఎక్కించుకునే టోపీ ఆయన ఒకరోజు కాగితం మీద పెద్ద పెద్ద అంకెలు వేశాడు. ఆ రోజు ఆయనకి మందు పెట్టకుండానే పంపేశారు. తర్వాత ఆ కుర్చీలో వేరే మనుషులే కనిపించారు. అది బాబాయి బుర్రలో మేకులా దిగిపోయింది. అంకె పెద్దదైతే మందు ఆగుతుంది. మందు ఆగితే గడ్డ తిరిగొస్తుంది. అంతే. ఇక ఏం అడిగినా సున్నానే. వాంతి చేసుకుని మూతి తుడుచుకుంటూ కూడా సున్నా నొక్కాడు. వేళ్ళు ఎంత మొద్దుబారాయంటే, తాళంచెవులు అరగదీసే ఆకురాయి గీసుకుని రక్తం కారుతున్నా తెలియలేదు. తాళంచెవి కోసం వచ్చినావిడ కెవ్వుమంటే అప్పుడు చూసుకున్నాడు. ఆ వారమూ సున్నానే.

ఇంట్లో ఆయనకి ఉన్నది ఒక్క అక్క. బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆవిడ నోరూ ఇస్త్రీపెట్టె లాంటిదే, కాలుతుంది గానీ ముడతలు తీసేస్తుంది.

ఒక సోమవారం మధ్యాహ్నం బాబాయి దుకాణం కట్టేసి వచ్చి దుప్పటి ముసుగేశాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏంట్రా, ఇంత ఎండలో దుప్పటేంటి?"

"బద్ధకం అక్కా."

ఆవిడ నుదుటి మీద చెయ్యేసింది. "ఒరేయ్, నీ మీద నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసుకోవచ్చురా" అంది. నవ్వబోయి ఆగిపోయింది. ఈ మందు వాడుతుండగా జ్వరం వస్తే ఒక్క క్షణం ఆగకుండా రమ్మని డాక్టరు చెప్పింది ఆవిడకి గుర్తుంది.

అప్పుడే ఫోన్ మోగింది. స్పీకర్లోంచి యంత్రం అడుగుతోంది, జ్వరం ఉందా అని. బాబాయి వేలు అంకెలన్నిటి మీదా తిరిగి చివరికి సున్నా మీద పడింది.

"ఏం నొక్కావు?"

"అది నాకూ దానికీ మధ్య విషయం."

"సున్నా నొక్కావు. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"అరవకక్కా! మందు ఆపేస్తారు. టోపీ ఆయన ఏమయ్యాడో తెలుసా నీకు?"

"తెలీదు. నీకు మాత్రం తెలుసా?"

జవాబులు మార్చుకోవాలంటే స్టార్ నొక్కండి, అంది యంత్రం. అక్క ఫోన్ లాక్కుని స్టార్ నొక్కింది. జ్వరానికి తొమ్మిది. వేళ్ళకి తొమ్మిది.

"వాంతులకెంతరా?"

"నన్ను చంపడానికి ఎంత కావాలో అంత నొక్కు."

ఆ మాటకి ఆవిడ వేలు నొక్కబోయి ఆగింది. నిజంగానే మందు ఆపేస్తే? తన వేలితోనే తమ్ముణ్ణి పంపేసినట్టవుతుందా? కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో ఒకటి నొక్కేసింది.

ఆ అంకెలు చూసి కాసేపటికే నర్సు ఫోన్ చేసింది. "ఏ బండి దొరికితే ఆ బండెక్కి వచ్చేయండమ్మా. రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉంటే ఈ జ్వరం గంటల్లో మనిషిని లాగేస్తుంది."

బాబాయి ఫోన్ అందుకున్నాడు. "మందు ఆపేస్తారా అమ్మా?"

"ఈ వారం ఆపుతాం."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మరి... టోపీ ఆయన?"

"ఇంకొకరి సంగతి నేను చెప్పకూడదు బాబాయిగారూ. మీ సంగతి చెప్తాను. జ్వరం తగ్గి రక్తం కుదుటపడితే మళ్ళీ మొదలుపెడతాం. మీరిలా దాస్తూ కూర్చుంటే, మొదలుపెట్టడానికి మీరుండాలి కదా?"

దారంతా బాబాయి అక్క చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఆస్పత్రిలో పడుకోబెట్టి జ్వరానికి సెలైన్ తగిలించారు. నర్సు పక్కన కూర్చుని కాగితం తీసింది.

"ఇప్పుడు నాకు చెప్పండి. వేళ్ళు మొద్దుబారడం ఎంత?"

బాబాయి తలుపు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. భయం ఎక్కడికీ పోలేదు, గుండెల మీదే కూర్చుంది.

"ఎనిమిది" అన్నాడు. "తొందరగా రాసుకోమ్మా, మళ్ళీ నా మనసు మారకముందే."

ఆమె రాస్తున్నంతసేపూ ఆ కలం వైపే చూస్తూ, బాబాయి అక్క చెయ్యి వదల్లేదు.