మిరియం పెట్టె కోసం యీషున్ నుంచి చాంగీ దాకా

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి నేనూ శిరీషా యీషున్‌లోని మా ఇంటి నుంచి బయల్దేరాం. పని ఒకటే. మిరియం విమానంలో వెళ్ళడానికి సరైన పెట్టె కొనాలి.

మిరియం శిరీష పెంచుకుంటున్న కుక్క. నల్లది, ముప్ఫై ఒక్క కిలోలు, పదకొండేళ్ళ వయసు. శిరీష కరీంనగర్ నుంచి ఇక్కడి విశ్వవిద్యాలయానికి పరిశోధనకు వచ్చిన అమ్మాయి. ప్రభుత్వ ఫ్లాట్లలో అంత పెద్ద కుక్కను ఉంచనివ్వరు కనుక ఆరేళ్ళ క్రితం మా పాతకాలపు సొంత ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఇప్పుడు జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ప్రయాణం నెలాఖరు శనివారం.

పశువుల డాక్టరు మిరియం గుండెలో ఏదో తేడా చప్పుడు విని చాలాసేపు ఆలోచించింది. చివరికి, "ఈ ఒక్కసారికి విమానం ఎక్కొచ్చని సంతకం పెడతాను. ఇది తప్పిపోతే మళ్ళీ నన్ను అడగొద్దు" అంది. అందుకని పెట్టె విషయంలో పొరపాటుకు చోటు లేదు.

రైల్లో కుక్కను ఎక్కనివ్వరు. కాబట్టి కొలతలు కాగితం మీద తీసుకువెళ్ళాం. ముందురోజు సాయంత్రం వాటిని తీసింది నేనే. నలభై ఒక్కేళ్ళు ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకూ తమిళులకూ జాకెట్లు కుట్టాను. టేపు ముందుకాలి గోటి దగ్గర పెట్టి, భుజం మీదుగా, మెడ వెంబడి, చెవి కొసదాకా తెచ్చాను. ఎనభై మూడు సెంటీమీటర్లు. దానికి ఎప్పటిలాగే రెండంగుళాలు లూజు కలిపాను. ఎనభై ఎనిమిది అయింది.

శిరీష అంతకుముందే దాన్ని గోడ పక్కన నిలబెట్టి, చెవుల మీద అడ్డంగా స్కేలు ఆనించి పెన్సిలు గీత గీసి ఉంచింది. "ఇగో ఆంటీ, డెబ్బై నాలుగే ఉంది. ఎయిర్‌లైన్ వాళ్ళు ఇట్లనే కొలవమన్నరు" అంది.

"గోడ మీద గీతలు మేకులు కొట్టుకోవడానికమ్మా. ప్రాణమున్న ఒంటికి టేపే" అన్నాను.

తను నవ్వి తన కాగితం సంచిలో పెట్టుకుంది. నాది చేతిలో పట్టుకున్నాను.

ఎనిమిదీ నలభై అయిదుకు బస్సు. తొమ్మిదీ నలభైకి సెంగ్‌కాంగ్ చేరి, అక్కడ ఊరిచుట్టూ తిరిగే చిన్న రైలెక్కాం. ఎదురు సీట్లో ఒక తెలుగు తల్లీ, ఏడేళ్ళ కూతురూ. మా మాటలు విని తల్లి పలకరించింది. కుక్క సంగతి చెప్పాను. "అంత బిగ్ డాగా? దానికి విండో సీట్ ఇస్తారా లా?" అంది పిల్ల, ఇక్కడివాళ్ళలా చివర 'లా' తగిలించి. "ఆంటీని అలా అడక్కూడదు" అని తల్లి కసిరింది. ఆ రోజు శిరీష మనసారా నవ్వింది అక్కడే.

రెండో స్టేషన్‌లో దిగి నాలుగు నిమిషాలు నడిస్తే పెంపుడు జంతువుల సామాన్ల దుకాణం. ఉన్నవాటిలో పెద్ద ప్లాస్టిక్ పెట్టె మూడువందల పది డాలర్లు. లోపలి ఎత్తు డెబ్బై ఒకటి. అది ఎవరి కొలతకూ చాలదు. దుకాణదారు వుడ్‌ల్యాండ్స్‌లో వాడిన పెట్టెలు అమ్మే ఒకాయన చిరునామా రాసిచ్చాడు.

పదకొండున్నరకు, చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో తిన్నాం. శిరీష టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు ఆపింది. నేను తోసై, అంటే మన దోసె, తను నూడుల్స్. రైలు రెండుచోట్ల మారి వుడ్‌ల్యాండ్స్‌లో దిగేసరికి ఒంటిగంటా యాభై. అక్కడి నుంచి ఆయన షెడ్డుకు పావుగంట నడక. నీడ లేదు, గొడుగు తప్పనిసరి.

అమ్మేవాడు అప్పన్న. అరవై దాటినవాడు. మా తాతలాగే వాళ్ళ తాతా విశాఖ వైపు నుంచి వచ్చాడట. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. చెక్క చట్రానికి ఇనుప జాలీ కొట్టిన పెట్టె ఒకటి బయటికి లాగాడు. ఒక్కసారే వాడారట. రెండువందల ఎనభై. నేను టేపు పెట్టాను. లోపలి ఎత్తు డెబ్బై తొమ్మిది.

"ఎంత కుక్క అక్కా?"

"ఎనభై ఎనిమిది కావాలి."

"అయ్యయ్యో, కుక్కా గుర్రమా? ఫోటో చూపించండి." చూశాడు. "ఇది డెబ్బై అయిదు దాటదు లా అక్కా. ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాకు. బోలే, బోలే, సరిపోద్ది. నిలబడుద్ది, తిరుగుద్ది, పండుకుంటది. ఇంకేం కావాలి?"

"ఆంటీ, ఇది చాలు. తీస్కుందాం" అంది శిరీష.

"తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ. జాకెట్టైతే కుట్టు విప్పి వదులు చేస్తాను. ఆకాశంలో పెట్టెనెవరు విప్పుతారు?" అన్నాను.

అప్పన్న శిరీష వైపు తిరిగాడు. "విమానం ఎక్కేది కుక్కా, పెళ్ళికూతురామ్మా?" తర్వాత నాతో, "సోమవారం దాకా పక్కన పెడతాను అక్కా, ఆలోచించండి" అన్నాడు.

అక్కర్లేదన్నాను.

తిరిగి వస్తున్నంతసేపూ శిరీష కిటికీలోంచి చూస్తూ ఉంది. అలసిపోయిందనుకున్నాను.

గురువారం ఒక వడ్రంగికి నా కాగితం ఇచ్చాను. తరువాతి బుధవారానికి పెట్టె వచ్చింది. లోపల ఎనభై ఎనిమిది, అడుగు దుంగలతో కలిపి బయట తొంభై అయిదు. ఆరువందల నలభై డాలర్లు. అది నా కానుక. బుకింగ్‌లో అంతకుముందు సుమారుగా రాసిన కొలతలు ఉన్నాయి, కొత్తవి పంపుదామా అని శిరీష అడిగింది. "పెద్దదైతే ఎవరు వద్దంటారు?" అన్నాను.

ప్రయాణం రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు వ్యాను వచ్చింది. ఒంటిగంటా ఇరవైకి చాంగీ విమానాశ్రయంలో సరుకుల విభాగం చేరాం. కౌంటర్‌లోని అమ్మాయి పెట్టెను కొలిచింది, మళ్ళీ కొలిచింది, కంప్యూటర్ చూసింది. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా పెద్ద విమానమే. అక్కడి నుంచి ఆ చిన్న ఊరికి వెళ్ళేది చిన్నది. దాని సరుకుల తలుపులో ఎనభై ఆరుకు మించి పట్టదు.

తర్వాత మిరియాన్ని బయటికి దింపమంది. నిలువు కర్ర ఒకటి పక్కన పెట్టి, దాని అడ్డపట్టీని చెవులమీదికి దించింది. డెబ్బై నాలుగు.

శిరీష నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

అప్పన్నకు ఫోన్ చేశాను. "మంగళవారమే అమ్మేశాను అక్కా. చెప్పాను కదా" అన్నాడు. అంత పెట్టె ఆ చుట్టుపక్కల దొరకలేదు. రెండు విమానాల్లోనూ కుక్కకు చోటున్న రోజు మళ్ళీ మూడు వారాల తర్వాతే. శిరీష డాక్టరుకు ఫోన్ చేసి పక్కకు వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి తల అడ్డంగా ఊపింది. సోమవారం ఉద్యోగంలో చేరాలి, ఆగడానికి వీల్లేదు.

మూడూ నలభైకి కౌంటర్ మూశారు. శిరీష నేలమీద కూర్చుని మిరియం చెవులు రెండూ పట్టుకుని, దాని నుదుటికి తన నుదురు ఆనించింది. లేచాక నా చెయ్యి పట్టుకుంది. "దాని మంచికే చేసిన్రు ఆంటీ" అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

నాలుగూ పదికి అదే వ్యానులో ఇంటికి బయల్దేరాం, నేనూ మిరియం. డ్రైవరు పెద్దవయసు మలయ్ మనిషి. అద్దంలో వెనక్కి చూసి, "ఇంత పెట్టెలో ఒక్క కుక్కేనా?" అని అడిగాడు. ఒక్కటే అన్నాను.

ఈ దారిన వెళ్ళేవారికి చెప్పగలిగింది ఇంతే. కుక్కను నిలబెట్టి, నేల నుంచి నిటారుగా కొలవండి. లూజు ఎంత ఉండాలో విమానంవాళ్ళే చెబుతారు, మీరు కలపకండి. ఆఖరి విమానం ఎంతదో ముందే అడగండి. తోడు వచ్చినవాళ్ళ కాగితం కూడా ఒకసారి తీసి చూడండి.

ఇది కావాలని చేశావా అని నన్నెవరూ అడగలేదు. ఆరేళ్ళుగా ఉదయం, సాయంత్రం దాన్ని నడిపించింది నేనే. వ్యాను కదిలినప్పుడు పెట్టెలోనే అది నా మోకాలి వైపు జరిగి పడుకుంటే, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆ క్షణానికి సిగ్గుపడుతున్నాను. కావాలని చేయలేదనే అనుకుంటాను.

నాలుగూ నలభైకి శిరీష ఫోన్. లోపలికి వెళ్ళబోతోందట. "ఆంటీ, మందు మర్చిపోవద్దు. ఏడున్నరకు, పెరుగన్నంల కలిపి. అర మాత్ర. ముందు అన్నం వాసన చూపించుర్రి, అప్పుడే తింటది. ఉరిమితే నా గది తలుపు తెరిచి పెట్టుర్రి."

ఆ మందు రోజూ ఇస్తున్నది నేనే. అర కాదు, పావు మాత్ర. నేను దిద్దలేదు. "సరే అమ్మా, ఇంకా చెప్పు" అన్నాను. తను చెబుతూ పోయింది. చివరిదాకా విన్నాను.