ప్లగ్గు మీద పోసిన నీళ్లు

ఈ ఏడు తొలి వానకే నా స్కూటీ బురదతో నిండిపోయింది. బాబుపేట్ మూల మీద కొత్తగా పెట్టిన వాషింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. నా ముందు ఎవరిదో మోటార్‌సైకిల్ ఉంది. ఈ రోజుల్లో కిరోసిన్ ఎక్కడ దొరికిందో గానీ, పనిచేసే అతను బ్రష్షును అందులో ముంచి గొలుసు మీద గీకుతున్నాడు. తడి ఇనుమూ కిరోసినూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే శకుంతలక్క గుర్తొచ్చింది. ఆమెతో పాటే, ఇన్నేళ్ల తర్వాత కూడా, కడుపులో సన్నని మంట లేచింది. ఆమె మీద నేను పడినంత ఈర్ష్య మరెవరి మీదా పడలేదు.

తొంభైల నడిమధ్యలో, పందొమ్మిదేళ్ల వయసులో పెళ్లయి, సర్కారు కాగితాలన్నీ మరాఠీలో ఉండే ఈ బాబుపేట్‌కు వచ్చాను. పుట్టిల్లు వర్ధా నది దాటి, రాజురా అవతల పల్లె. మా ఆయన మల్లేశం బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఐదు గదుల వరస, ఒకటే వాకిలి, ఒకటే నల్లా. మా పక్క గదిలో శకుంతలక్క తన తల్లితో ఉండేది. ఆమె నర్సు. రాజురా వైపు పల్లెల్లో పిల్లలకు టీకాలు వేసేది. ముప్పై ఐదేళ్లున్నా పెళ్లి చేసుకోలేదు. ఇళ్ల మీద కేబుల్ తీగలు పాకుతున్న కాలం అది, మా వీధి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడే మోపెడ్లు నేర్చుకుంటున్నారు. ఆమె మాత్రం ఎర్రటి మోటార్‌సైకిల్ నడిపేది. పంజాబీ డ్రెస్సు మీద రెయిన్‌కోటు తొడుక్కుని, తెల్లచీర సంచిలో పెట్టుకుని పొద్దున్నే వెళ్లిపోయేది. మోపెడ్ కొనుక్కోవచ్చు కదా అని ఎవరో అడిగితే, "రేగడిల దిగవడితే మోపెడే నన్ను మోయమంటది" అంది.

వానలో తిరిగొచ్చిన బండిని ఆమె కడిగే తీరు చూడటానికి వాకిట్లో అందరూ ఏదో ఒక పని కల్పించుకునేవారు. ఇంజను చల్లారేదాకా నీళ్లు ముట్టించేది కాదు. ఆలోగా చాయ్ తాగి, సైలెన్సర్ మూతికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసేది. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కున్న మట్టిని వేప పుల్లతో పొడిచి తీసేది. మా ఊళ్ల నల్లరేగడికి ఇక్కడి బొగ్గుపొడి తోడైతే అది ఇనుముకు పట్టిన మొండి జిగురు. "ఎండినప్పుడు రుద్దితే బొగ్గురవ్వ రంగును గీకుతది. నానబెట్టాలె. మట్టే ఇడిచిపెట్టాలె" అంటూ చెంబుతో మెల్లగా పోసేది. చక్రం పుల్లలకు పాత పళ్ల బ్రష్షు, గొలుసుకు కిరోసిన్, తుడవడానికి తల్లి పాత నూలుచీర ముక్క. చివర్లో రెండు చుక్కల కొబ్బరినూనె వేలికి రాసుకుని మెరిసే భాగాలన్నీ నిమిరేది, పసిపిల్లకు రాసినట్టు.

మా ఆయన బండి పక్కనే బురదతో నిలబడి ఉండేది. ఒకనాడు ఆయన గడపలో నిలబడి, "సిస్టర్ బండి చూసినవా, షోరూంల నుంచి ఇప్పుడే తెచ్చినట్టుంటది. మనిషి పని అంటే గట్లుండాలె" అన్నాడు. నేను రొట్టె కాలుస్తున్నాను. రొట్టె మాడింది. నా రొట్టె గుండ్రంగా వస్తుందని ఆయన ఎన్నడూ అన్లేదు. ఆ రోజు నుంచి ఆమె కిక్కు కొట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న గిన్నెను గట్టిగా పెట్టేదాన్ని.

ఆ శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. ముందు రోజు చీకటి పడ్డాక బురదలో వచ్చిన బండిని ఆమె తెల్లవారగానే కడుగుతోంది. ఆ రోజు నా పుట్టింటి ఊళ్లోనే టీకాల వంతు. మంచు పెట్టిన టీకాల డబ్బా గడప మీద సిద్ధంగా ఉంది. లోపల్నుంచి తల్లి పిలిస్తే, నల్లా దగ్గరున్న నన్ను చూసి, "చెల్లె, సబ్బునీళ్లు ఎండిపోతయి, జర రెండు చెంబులు పోయవా? గీ ఇంజన్ ప్లగ్గు కాడ మాత్రం పోయకు, నీళ్లు వోతె స్టార్ట్ గాదు" అని వేలితో చూపించి లోపలికెళ్లింది.

నేను సరిగ్గా అక్కడే పోశాను. ప్లగ్గు టోపీని కొంచెం పైకి లాగి, చెంబెడు నీళ్లు పోసి, మళ్లీ నొక్కేశాను. ఏమీ జరగనట్టు నా బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

ఆమె వచ్చి తుడిచి, కిక్కు కొట్టింది. బండి దగ్గి ఊరుకుంది. పది, ఇరవై, ముప్పై కిక్కులు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. అంతలో మా ఆయన లుంగీ ఎగ్గట్టుకుని, "ఏమైంది సిస్టర్, నన్ను చూడనియ్యి" అంటూ వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరి తలలూ ఒకే ఇంజను మీద వంగాయి. ఆయన ప్లగ్గు విప్పాడు, ఆమె తుడిచింది, ఆయన ఊదాడు, ఆమె మళ్లీ తుడిచింది. దూరం చేయాలని పోసిన నీళ్లు వాళ్లిద్దరినీ గంటసేపు పక్కపక్కన కూర్చోబెట్టాయి. నాకు ఏడుపొచ్చింది, అది పశ్చాత్తాపం మాత్రం కాదు.

చివరికి బండి కదిలింది. మధ్యాహ్నానికి ఆమె తిరిగొచ్చేసింది. ఆమె చేరేసరికి వర్ధా నీళ్లు వంతెన మీదికి ఎక్కాయట. గంట ముందు వెళ్లినవాళ్లు దాటారట. డబ్బాలో మంచు కరిగిపోయింది.

వారం తర్వాత మా అమ్మ వచ్చింది. "ఆ దినం మీ నర్సమ్మ రానే రాలే బిడ్డా. బడి కాడ తల్లులందరు వానల పిల్లల్ని పట్టుకొని సాయంత్రం దాక కూసున్నరు. నీ వదిన గూడ, పిల్లగాడు ఒకటే ఏడుపు" అంది. అదే సాయంత్రం శకుంతలక్క గడప మీద కూర్చుని మరాఠీలో ఉన్న కాగితం చదువుకుంటోంది. టీకాలు పాడైనందుకు, సమయానికి వెళ్లనందుకు డాక్టరు ఇచ్చిన మెమో. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, ఆ దినం ప్లగ్గుల నీళ్లు నేనే పోసిన."

"చెయ్యి జారిందా?"

"లేదు. కావాల్ననే పోసిన."

ఆమె కాగితం మడిచింది. "మీ ఆయన గురించా?"

అప్పటిదాకా నేనూ అదే అనుకున్నాను. కానీ నోటి వెంట వచ్చింది వేరు. "నువ్వు పొద్దుగాల బండెక్కి పోతవు. నేను ఈ నల్లా కాడనే ఉంట."

ఆమె లేచి నిలబడింది. "నా మీద కోపముంటె నన్ను అడగాలె. గా తల్లులు ఏం జేసిండ్రే నీకు?" అని లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. నల్లా దగ్గర ఎదురుపడితే బిందె తీసుకుని పక్కకు జరిగేది. తొమ్మిదో నాడు వానలో తడిసొచ్చి, చాయ్ తాగి, కవరు చుట్టి, నన్ను పిలిచింది. "సుజాతా, ఇటు రా. గీడ చెయ్యి వెట్టు." నా అరచేతిని ప్లగ్గు మీద ఆనించి పై నుంచి చెంబుతో నీళ్లు వదిలింది. "ఒక్క చుక్క లోపలికి వోయినా చెప్పు." చల్లటి నీళ్లు నా చేతి మీంచి జారిపోతున్నాయి. క్షమించానని ఆమె అనలేదు. బండి తుడుస్తూ మాత్రం ఒక మాట అంది: "ఎవల మీదనన్న కడుపు మండితె నీళ్లు వోయకు. వాళ్ల కాడికి వోయి, నాకు నేర్పుతవా అని అడుగు. నేర్పనంటె అప్పుడు పొయ్యి నీళ్లు."

నేను ఆ పూటే అడిగాను. ఆ వానాకాలమంతా బండి కడగటం నేర్పింది, చలికాలంలో ఆదివారాలు విసాపూర్ రోడ్డు మీద నడపటం నేర్పింది. మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత తన బండిని కూడా నాకే కడగమని ఇచ్చాడు. కడిగాను, కానీ ముందు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. అంగన్‌వాడీ ఉద్యోగానికి కాగితాలు పెట్టించింది కూడా ఆమే.

తర్వాత ఆమెకు గడ్చిరోలి వైపు బదిలీ అయింది. కొన్నాళ్లకు ఉత్తరం రాసింది. పక్కింటి అమ్మాయి ఒకతె బండి కడగటం నేర్చుకుంటోందట, చెయ్యి నాకంటే శుభ్రమట. ఆ పూట నాకు అన్నం సయించలేదు. శకుంతలక్క చనిపోయి నాలుగేళ్లయింది. ఆ అమ్మాయి ఎవరో నేనెన్నడూ చూడలేదు, కానీ ఇప్పటికీ ఓర్వలేను.

కాబట్టి శకుంతలక్క నా ఈర్ష్యను పోగొట్టిందని చెప్పను. అది వచ్చినప్పుడు ఎటు నడవాలో మాత్రం నేర్పింది. పోయిన నెల మా అంగన్‌వాడీ మీటింగులో, మేం రిజిస్టర్లలో గంటలకొద్దీ రాసేదంతా కొత్తగా చేరిన ఒక పిల్ల ఫోనులో పది నిమిషాల్లో ఎక్కించింది. సూపర్‌వైజరు అందరి ముందూ మెచ్చుకుంది. ఇరవై ఏళ్లు దాటిన నా నౌకరీలో నన్నెవరూ అలా మెచ్చుకోలేదు. ఒళ్లంతా మండింది. లేచి, కుర్చీ లాక్కుని, ఆ మంట చల్లారకముందే ఆమె పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, నాకు గూడ నేర్పుతవా?" అన్నాను.