బెత్సీ అసలు పేరు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి నాంపల్లి వైపు నడిస్తే ఒక చెప్పుల దుకాణం వస్తుంది. దాని మీద రెండంతస్తులు ఎక్కితే ఒక ఏసీ హాలు. అందులో నలభై మంది కూర్చుని రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి బ్రిటన్ వాళ్లకు ఫోన్లు చేస్తారు. అప్పుడు అక్కడ పొద్దున పది. వీళ్లు సబ్బులు అమ్మరు, లోన్లు ఇప్పించరు. ప్రశ్నలు అడుగుతారు, అంతే. మీరు ఏ పార్టీకి ఓటేస్తారు, మీ ఊరి బస్సు టైముకు వస్తుందా, మీ ప్రధానమంత్రి పనితీరు ఎలా ఉంది. అవతలివాళ్లు చెప్పింది చెప్పినట్టు కంప్యూటర్లో నొక్కుతారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బెత్సీ పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తోంది.

ఆమెకు యాభై నాలుగేళ్లు. పుట్టింది మెదక్‌లో, కాపురం నాంపల్లి స్టేషన్ వెనక సందులో. భర్త ఎర్నెస్ట్ ఒకప్పుడు ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు. గుండెకు రెండు స్టెంట్లు పడ్డాక ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆ స్టెంట్లు పడింది బెత్సీ కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు మీదే. కాబట్టి ఆ కుర్చీ పోతే ఏం పోతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ వయసులో కొత్త ఉద్యోగం ఇచ్చే ధర్మాత్ముడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

ఆ పనికి ఒక నియమం ఉంది. అవతలి మనిషి ఏమన్నా ‘ఊఁ’ అనాలి గానీ ‘ఔను’ అనకూడదు, ‘అయ్యో’ అనకూడదు. అడిగేవాళ్ల అభిప్రాయం గొంతులో కూడా తెలియకూడదు. బెత్సీ ఇందులో చెయ్యి తిరిగిన మనిషి. పెళ్లాం చచ్చిపోయిందని ఏడ్చినవాళ్లతోనూ, బండబూతులు తిట్టినవాళ్లతోనూ ఒకే గొంతుతో మాట్లాడి, చివర్న థాంక్యూ చెప్పి పెట్టేసేది. కొత్తగా చేరినవాళ్లకు ఆమె రికార్డింగులే వినిపించేవారు.

ఈ ఎండాకాలం వచ్చిన సర్వే అమెరికా అధ్యక్షుడి గురించి. ఆయన మీద మీకు నమ్మకం ఎంత, అమెరికా మీ దేశాన్ని సమానమైన మిత్రదేశంగా చూస్తోందా, రెండు దేశాల స్నేహం ముందులాగే ఉందా. మొత్తం ఇరవై రెండు ప్రశ్నలు.

బ్రిటన్ వాళ్ల కోపం చూసి హాలంతా ముక్కున వేలేసుకుంది. ఎప్పుడూ అర నిమిషంలో ఫోను పెట్టేసే జనం ఈసారి అరగంట వదలలేదు. ఎన్ని యుద్ధాల్లో మేం ఆయన దేశం పక్కన నిలబడ్డాం, ఇప్పుడు మా ముఖం కూడా గుర్తుపట్టడా అన్నాడొకడు. పిలిస్తే రావాలి, కసిరితే మూల కూర్చోవాలి, దీన్ని స్నేహం అంటారా అని ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగింది. ఆయన్ని మెచ్చుకున్నవాళ్లూ లేకపోలేదు. అలాంటి మొండిఘటం ఒకడు మాకూ కావాలన్నారు. బెత్సీ అదీ నొక్కింది, ఇదీ నొక్కింది. తిట్టేవాళ్లయినా మెచ్చేవాళ్లయినా, తనతో మాట్లాడేది మాత్రం ఒకే తీరు. గట్టిగా చెప్పు, నీ యాస అర్థం కావట్లేదు, మీ దగ్గర ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎవరూ లేరా అని. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం మనకే తెలుసనుకుంటాం. సముద్రాల అవతల కూడా అత్తలున్నారు, దుత్తలూ ఉన్నాయి.

పక్క కుర్చీలో విద్యావతి మైకు మూసి నవ్వేది. "మనల్ని ఎన్నేండ్లు గట్ల మూలకు కూసోవెట్టిన్రక్కా. ఇప్పుడు తెలుస్తున్నది వీళ్లకు."

"ముందు నీ పని చూస్కో విద్యా. రికార్డయితది," అనేది బెత్సీ.

విద్యావతి సంగతి కొంచెం చెప్పాలి. తొమ్మిదేళ్లు ఆ పిల్ల ఫోన్లో ‘విక్కీ’. హాల్లో దాదాపు అందరికీ అలాంటి మారుపేర్లే ఉండేవి. విద్యావతి అంటే అవతలివాళ్ల నోరు తిరగదని కంపెనీవాళ్లే పెట్టారు. ఈ నెల ఒకటో తారీఖున లండన్ క్లయింటు కొత్త రూలు పంపింది. జనానికి నమ్మకం పోతోంది, ఇకమీదట ఎవరి అసలు పేరు వాళ్లే చెప్పాలి, దొంగ పేరు చెప్తే తీసేస్తాం అని. ఆ రోజు విద్యావతి డబ్బా నిండా మిఠాయి తెచ్చి హాలంతా పంచింది. పేరు తిరిగొచ్చిన సంతోషం. బెత్సీ ఓ ముక్క నోట్లో వేసుకుని తన పని తాను చేసుకుంది. ఆమె పేరు మార్చనూ లేదు, తిరిగి రానూ లేదు. పన్నెండేళ్ల నుంచీ తన పేరు బెత్సీ అనే చెప్తోంది.

చిక్కు అక్కడే వచ్చిపడింది.

యార్క్‌షైర్ నుంచి ఒకాయన, డెబ్బై దాటిన మాజీ బస్సు డ్రైవరు, ఇరవై రెండు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబిచ్చాడు. అమెరికా అధ్యక్షుడు నోరు తెరిస్తే అబద్ధమన్నాడు. మేమెవరమో మాకంటే తనకే బాగా తెలిసినట్టు మాట్లాడతాడన్నాడు. చివర్న, "నీ పేరేంటమ్మా?" అని అడిగాడు.

"బెత్సీ సార్."

"అది కాదు. అసలు పేరు."

"అసలు పేరే సార్. బెత్సీ."

"నువ్వు ఇండియాలో ఉన్నావు. నీ పేరు బెత్సీ ఎలా అవుతుంది? మీరంతా నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నారు," అని ఫోను ఠక్కున పెట్టేశాడు.

మూడో రోజు ఫిర్యాదు వచ్చింది. టీమ్ లీడర్ రవికిరణ్ ఆమెను గాజు గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. ముప్పై ఏళ్లవాడు, చెడ్డవాడు కాదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు నలుగుతుంటాడు.

"రేపు ఆయనకు స్పీకర్ల కాల్ చేసి సారీ చెప్పాలె ఆంటీ. గీ కాగితం మీద సంతకం పెట్టుండ్రి. క్లయింటు గంతే అడిగిండు."

బెత్సీ చదివింది. ‘నేను బెత్సీ అనే తప్పుడు పేరు చెప్పినందుకు చింతిస్తున్నాను’ అని ఉంది. కింద సంతకానికి గీత.

"నా పేరు బెత్సీ కాదని రాసి, కింద బెత్సీ అని సంతకం పెట్టాల్నా?"

రవికిరణ్ తల గోక్కున్నాడు. "నాకు తెల్వదా ఆంటీ? నీ ఆధార్ కార్డు నా దగ్గర్నే ఉన్నది. కానీ వాళ్లకు ఆధార్ ఎవరు చూపిస్తరు? జర నా మాటిను. ఇగ నుంచి ఏదన్న ఇండియన్ పేరు చెప్పు. లక్ష్మి అను. ఎవ్వడు అడగడు."

"అసలు పేరే చెప్పాలె అన్న రూలు కోసం నేను దొంగ పేరు పెట్టుకోవాల్నా?"

"సంతకం పెట్టకపోతే తీసేయమన్నరు ఆంటీ. గీ వయసుల ఎందుకీ ఫికర్ నీకు?"

బెత్సీకి ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్లు ఎవరేమన్నా ‘ఊఁ’ అన్న గొంతు అది, ఇప్పుడు వణికింది. రేపు చెప్తానని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున మంచం కింది రేకు పెట్టె లాగింది. ఎర్నెస్ట్ మాత్రలు వేసుకుంటూ చూస్తున్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్?"

"నాయనమ్మ బాప్తిస్మం కాగితం."

నాయనమ్మ మెదక్ మిషను దవాఖానలో ఆయా. ఆమె కథ ఇంట్లో పండగకీ పబ్బానికీ నవ్వుకుంటూ చెప్పుకునేదే. బాప్తిస్మం రోజున దొరసాని నర్సు రిజిస్టరు ముందేసుకుని పేరడిగింది. పోచమ్మ అని చెప్పింది నాయనమ్మ. దొరసాని రెండుసార్లు పలకబోయి, కలం కింద పెట్టేసింది. ఇది నా నోట తిరగదు, తేలికైన పేరు పెడదాం అని, ఇంగ్లండులో తన చెల్లెలి పేరు రాసేసింది. పోచమ్మ కాస్తా బెత్సీ అయింది. ఆమె చనిపోయిన ఏడాదే పుట్టిన మనవరాలికి, ఇంటి ఆనవాయితీ ప్రకారం, ఆమె పేరే పెట్టారు. చిన్నప్పటి నుంచి బెత్సీ కూడా ఈ కథకు అందరితో కలిసి నవ్వింది.

ఈ రోజు నవ్వు రాలేదు. పసుపుపచ్చబడిన కాగితం మీద నీలి సిరా అక్షరాలు చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు, కోపంతో.

"పెట్టింది వాళ్లే. ఇయ్యాల నీది కాదంటున్నది వాళ్లే," అంది.

ఎర్నెస్ట్ మాత్రల డబ్బా మూత పెట్టాడు. "నా కార్డు గురించి ఆలోచించి సంతకం పెట్టకు. నా మందులు ఉస్మానియాల తెచ్చుకుంట," అన్నాడు. ఉస్మానియా దవాఖాన లైన్లో ఆయన గంటసేపు కూడా నిలబడలేడని ఇద్దరికీ తెలుసు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె కాగితాలు రెండూ సంచిలో వేసుకుని, స్టేషన్ ముందు ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటూ అబిడ్స్‌కు నడిచింది. దారి పొడుగునా పళ్లు కొరుకుతూనే ఉంది.

మూడు గంటలకు గాజు గదిలో స్పీకరు పెట్టారు. బెత్సీ బాప్తిస్మం కాగితం బల్ల మీద పరిచింది. రవికిరణ్ దాన్ని చూశాడు గానీ ఏం చేయాలో తోచక నంబరు నొక్కాడు.

"మా ఉద్యోగిని మీకు క్షమాపణ చెప్తారు సార్," అన్నాడు ఇంగ్లీషులో.

"నేను చెడ్డవాణ్ణి కాదమ్మా," అన్నాడు పెద్దాయన, మెత్తగానే. "అబద్ధం చెప్తే నాకు గిట్టదు, అంతే. అమెరికాలో కూర్చున్న ఆ ఒక్కడు చెప్పేవి చాలవా? మనిషన్నాక ఎదుటివాడి పేరుకైనా మర్యాద ఇవ్వాలి. ఏ పేరైనా సరే నేను గౌరవిస్తాను. చెప్పు, నీ అసలు పేరేంటి?"

రవికిరణ్ రెండు చేతులూ జోడించి, పెదవులు మాత్రం కదిలించి ‘లక్ష్మి’ అన్నాడు.

బెత్సీ కాగితం వంక చూసింది. నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. అన్నీ మింగి ఒక్కటే చెప్పింది.

"పోచమ్మ."

"ఏంటి?"

"పోచమ్మ, సార్."

"పో... పొచ్..." ఆయన ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "పొచ్చ్... ఇంకొక్కసారి చెప్పు?"

"పోచమ్మ."

మూడోసారి కూడా కుదరలేదు. ఇబ్బందిగా నవ్వాడు. "ఇది నా నోట తిరగదమ్మా. తేలికైన పేరు ఇంకేదైనా ఉందా?"

బెత్సీ వేలు కాగితం మీది నీలి అక్షరాల దగ్గర ఆగింది. "ఉంది సార్. బెత్సీ."

"హమ్మయ్య, అది చక్కగా ఉంది," అన్నాడు పెద్దాయన, మనస్ఫూర్తిగా. "ఇకనుంచి అందరికీ అదే చెప్పు. థాంక్యూ బెత్సీ."

ఫోను ఆగింది. రవికిరణ్ కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వాడు. "వాహ్ ఆంటీ. ఆయనే ఒప్పుకున్నడు. సంతకం అక్కర్లేదు, ఏం అక్కర్లేదు. కంప్లైంట్ క్లోజ్."

బెత్సీ సంతకం లేని కాగితాన్ని అతని వైపు తోసి, నాయనమ్మ కాగితాన్ని మడతలు చెదరకుండా సంచిలో పెట్టుకుంది.

"నవ్వకు రవికిరణ్," అంది. "మా నాయనమ్మను గూడ గిట్లనే క్లోజ్ చేసిన్రు."