కర్ర గుర్తు అప్పడాలు

ఈమధ్య మా వీధి చివరి బ్యాంకు వాళ్లు బోర్డు మీది గుర్తు మార్చేశారు. పేరు అదే, మెట్లు అవే, అయినా నేను గుమ్మం దాటి పది అడుగులు ముందుకు పోయాక గానీ పోల్చుకోలేకపోయాను. మన ఈడువాళ్లకు చెబితే నవ్వరని తెలుసు. పేరు చదివి కాక బొమ్మ చూసి సబ్బూ అగ్గిపెట్టే కొన్నవాళ్లం మనలో ఎంతమంది లేరు!

ఎనభైల చివరి సంగతి. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మావారు జబ్బుపడి జీతం లేని సెలవులో ఉన్నారు. నేనూ, పక్క క్వార్టర్ వదినా కలిసి మినప అప్పడాలు ఒత్తి, ఎండబెట్టి, గోల్‌బజార్‌లో చేపల వరసకు ఆనుకుని ఉన్న శ్రీకాకుళం బాబాయి దుకాణానికి ఇచ్చేవాళ్లం. ఇల్లు వాటి మీదే నడవాలి. రైల్వే ఆఫీసులో గుమస్తాగా ఉన్న మా మరిది ముచ్చటపడి ప్యాకెట్లకు లేబుల్ వేయించాడు: నిండుగా లక్ష్మీదేవి, చుట్టూ తెలుగు, బెంగాలీ, ఇంగ్లీషు అక్షరాలు. కాగితం ఎంత అందంగా ఉన్నా సరుకు కదల్లేదు. దసరా వరకు చూస్తాననీ, ఆపైన మా అప్పడాలు పెట్టుకోననీ బాబాయి తేల్చి చెప్పేశాడు.

రుచిలోనే లోపమేమోనని వదిన కుమిలిపోయింది. నేను ఒక ఉదయమంతా ఆ దుకాణం బల్ల పక్కన కూర్చున్నాను. చదువు రానిదాన్ని, మనుషుల చేతులు గమనించడం నాకు అలవాటు. ఒక ఒడియా ఆవిడ మా ప్యాకెట్టు తీసి, అమ్మవారిని కళ్లకద్దుకుని, తన సంచిలోకి తొంగిచూసి, మెల్లిగా వెనక్కి పెట్టేసింది. సంచిలో చేపలున్నాయి. తరువాత ఒక బెంగాలీ దీదీ, ఆపైన మన తెలుగావిడే ఒకామె, అందరూ చేపలు కొన్నాకే ఆ దుకాణానికి వచ్చేవాళ్లు. లక్ష్మీదేవిని చేపల మీద పెట్టడానికి చేతులు రాక, పక్కనున్న బొమ్మ లేని అప్పడాలు పట్టుకుపోయేవాళ్లు.

ఇంటికి వచ్చి నేల మీద బొగ్గుతో గుండ్రంగా ఒక అప్పడం, దాని మీద అడ్డంగా అప్పడాల కర్ర గీసి, అమ్మవారి బదులు ఇదుండాలనీ, పేరు కింద చిన్నగా ఉంటే చాలనీ అన్నాను. మరిది తల పట్టుకున్నాడు.

"పేరు సిన్నగా కిందికి తోసేసి ఈ కర్రేటి వదినా? సదువుకున్నోళ్లు నవ్విపోతారు."

"నవ్వుకుంటూనే కొంటార్లే. నాలాంటిది దూరాన్నుంచి ఏటి సూసి అడుగుద్ది?" అన్నాను.

బాబాయిది మరీ వెటకారం. "కర్రా బిళ్లా ఆటనుకుంటారమ్మాయ్!"

బోర్డులు రాసే పెయింటర్ దాదా మాత్రం ఆ గీతలను చాలాసేపు చూసి, తనదంటూ ఏమీ కలపకుండా, పసుపు వృత్తం మీద నల్ల కర్రగా దిద్ది అచ్చుకు ఇచ్చాడు.

ఆ దసరా వారాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా వెన్ను నిటారవుతుంది. చేపల వరస అవతలినుంచే ఒక దీదీ మా పసుపు వృత్తాన్ని వేలితో చూపిస్తూ "ఓ దాదా, లాఠీ పాపడ్ దిన్ తో!" అంటూ కర్ర అప్పడాలు ఇమ్మని కేకవేసింది. ఆ పేరు మేము పెట్టింది కాదు, బజారు పెట్టింది. రెండు రోజులు తిరక్కుండానే హిజ్లీలోని ఐఐటీ హాస్టళ్ల వంటవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చి అదే అడిగారు. బాబాయి మా ప్యాకెట్లను దండలా గుచ్చి గుమ్మానికి వేలాడదీసి, "ఉన్నదంతా అయిపోనాది, ఇంకో రెండు గంపలు తేమ్మాయ్" అని కబురు పెడితే, వదినా నేనూ పిండి చేతులతోనే పగలబడి నవ్వుకున్నాం. మావారు కోలుకుని డ్యూటీలో చేరాక కూడా, తొంభైల పొడుగునా ఆ కర్ర గుర్తు గోల్‌బజార్‌లో వేలాడుతూనే ఉంది.

అక్షరాలు నాకు యాభయ్యో ఏట, వదిన కూతురి దగ్గర వచ్చాయి. ఆ గర్వమూ చిన్నది కాదు. ఇప్పుడు దుకాణానికి వెళితే ప్రతి ప్యాకెట్టు మీది పేరూ, వెనకవైపు సన్న అక్షరాలూ కూడబలుక్కుని చివరిదాకా చదువుతాను. చదివి తలెత్తేసరికి నా పక్కన సరుకులు ఏరుకుంటున్న ఆమె వెళ్లిపోయి ఉంటుంది. ఆమె చెయ్యి దేని దగ్గర ఆగిందో, దేన్ని తీసి మళ్లీ వెనక్కి పెట్టిందో నేను చూడనే లేదు.