దేవుడికి నాలుగు జానలు

పక్కింటివాళ్ళు కంచె మార్పిస్తున్నారు. వాన వెలిసిన ఈ ఉదయం కిటికీ తీయగానే, కోసిన దేవదారు చెక్క వాసన గదిలోకి వచ్చింది. ఆఫీస్ కాల్‌లో ఎవరో నన్నేదో అడుగుతున్నారు. నేను రంపం చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆ వాసనకూ మా తాతయ్యకూ ఉన్న సంబంధం నా చిన్నప్పటి ఒక్క వేసవిది మాత్రమే, అదీ అమెరికాలో మేముండే ఈ బాతెల్ ఊళ్ళోనే.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. కెమిస్ట్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వడ్రంగంలో ఓనమాలు కూడా రావు. దేవుడి మీద నమ్మకమా, అదీ లేదు. అలాంటి మనిషి నన్నూ తమ్ముడు కార్తీక్‌నూ వెంటేసుకుని, గరాజ్‌లో దేవదారు చెక్కతో దేవుడికి పీఠం చేయడానికి దిగాడు.

కారణం అమ్మమ్మ. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది, నేల మీద కూర్చోవద్దన్నారు. ఆవిడ దేవుళ్ళేమో ఆవిడ గదిలో బట్టల కోసం కట్టిన క్లోజెట్‌లో, నేలకు బెత్తెడెత్తు పీట మీద ఉండేవాళ్ళు. కుర్చీ వేస్తామంటే ఒప్పుకోలేదు. "ఆయన కిందా, నేను పైన కుర్చీలోనా? బాగానే ఉంది సంబడం!" అని పూజే మానేసింది. దాంతో పాటు పొద్దున్నే లేవడం, జడ వేసుకోవడం, మాతో కబుర్లాడటం ఒక్కొక్కటే మానేస్తూ వచ్చింది. పిల్లలమైనా మాకు భయం వేసింది. తాతయ్యకు ఎంత వేసిందో ఆయన చెప్పలేదు. క్లోజెట్ ఇరుకు, బజార్లో దొరికే బల్ల ఏదీ అందులో పట్టలేదు. "ఆవిడ దిగలేకపోతే ఆయన్నే పైకి ఎక్కిద్దాం," అన్నాడొక రోజు, కాఫీ తాగుతూ.

తీరా పనిలోకి దిగాక కొలిచే టేప్ కనబడలేదు. వెతకడానికి ఆయనకు బద్ధకం. "చెయ్యి ఉందిగా. ఒక్కో కాలూ నాలుగు జానలు. చెరి రెండు కట్ చెయ్యండి," అన్నాడు. జాన అంటే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా అని చెయ్యి చాపి చూపించాడు కూడా. ఎవరి చెయ్యి అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. నా వంతు కాళ్ళు నా జానలతో, కార్తీక్ వంతువి వాడి జానలతో తయారయ్యాయి. బిగించి నిలబెడితే పీఠం వాడి వైపు ఒరిగింది.

"తాతయ్యా, ఇట్స్ ఫైన్. గాడ్ కొంచెం లీన్ అవుతాడు, అంతే," అన్నాడు కార్తీక్.

తాతయ్యలో ఒక గుణం ఉండేది, మంచో చెడో నాకిప్పటికీ తెలీదు. మా చేతిలోంచి పనిముట్టు లాక్కునేవాడు కాదు. సరిచేస్తామంటే చెయ్యనిచ్చాడు. కోతి రొట్టె పంచినట్టు ఇటు కాస్తా అటు కాస్తా కోస్తూ పోయాం. చివరికి పీఠం నిటారుగానే నిలబడింది గానీ పీటంత మిగిలింది. వాకర్ పట్టుకుని వచ్చి చూసింది అమ్మమ్మ. "బాగుంది. దీని ముందు నేల మీద కూర్చోవడానికేగా నాకు మోకాళ్ళు లేనిది!" అని వెనక్కి వెళ్ళి పడుకుంది. ఆ మాటకు ఎవరం నవ్వలేదు.

మర్నాడు తాతయ్య కొత్త చెక్కలూ కొత్త టేపూ కొనుక్కొచ్చాడు. అయితే చెక్క జోలికి పోలేదు. ముందు అమ్మమ్మను బతిమాలి గరాజ్‌లోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"దీపం వెలిగిస్తున్నట్టు చెయ్యి చాపు. ఊఁ, అలాగే ఉంచు. పిల్లలూ, ఆ చేతికింద నుంచి నేలదాకా కొలవండి."

"దేవుడే లేడంటారుగా, ఆయనకెందుకండీ ఈ కొలతలన్నీ?" అంది అమ్మమ్మ.

"కొలతలు ఆయనకు కాదు, నీకు."

అమ్మమ్మ చాపిన చెయ్యి మేం కొలవడం అయ్యేదాకా దించలేదు.

రెండో పీఠం అందంగా ఏమీ రాలేదు. మేకులు అక్కడక్కడా వంకర పోయాయి, వార్నిష్ కారింది. అయినా దాన్ని క్లోజెట్‌లో పెట్టి, దేవుళ్ళను పైకెక్కించాం. అమ్మమ్మ తలంటు పోసుకుని, కుర్చీలో కూర్చుని, వత్తి వెలిగించింది. తాతయ్య గది గుమ్మం దాటి లోపలికి రాలేదు, దణ్ణమూ పెట్టలేదు. ఆవిడ భుజం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చెయ్యి అందుతోందా?"

"అందుతోంది."

అంతే, గరాజ్ ఊడవడానికి వెళ్ళిపోయాడు. ఆయన్ని నేను ప్రేమిస్తున్నానని నాకు తెలిసింది ఆ రోజేననుకుంటాను.

తాతయ్య పోయాక అమ్మమ్మ పీఠంతో సహా మా ఇంటికి వచ్చేసింది. ఆయన అపనమ్మకం నాకు వచ్చింది, నేను దణ్ణం పెట్టను. రోజూ పొద్దున లాప్‌టాప్ తెరవబోయే ముందు మాత్రం ఆవిడ గది గుమ్మం దగ్గర ఆగుతాను.

"చెయ్యి అందుతోందా, అమ్మమ్మా?"

అందుతుందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. అయినా అగ్గిపుల్ల గీయకుండా, నేను వచ్చి అడిగేదాకా ఆగుతుంది.