పొరలు తీసిన హెడ్‌ఫోన్

సూరత్‌లో సలాబత్‌పురా బట్టల దుకాణదారులు చూడని రకం గిరాకీ ఉండదు. బట్టను గుప్పిట్లో నలిపి చూసేవాళ్లు, వెలుతురుకు పట్టి చూసేవాళ్లు, పోగు లాగి కాల్చి వాసన చూసేవాళ్లు, అందరినీ చూశారు. బట్టను నోటికి ఆనించుకుని ఊదేవాణ్ని మాత్రం నన్నే చూశారు.

"కపడా లేనా హై కి ఠండా కర్నా హై, భాయ్?" అన్నాడొకాయన. కొంటావా, చల్లారబెడతావా అని. గాలి ఎంత తేలిగ్గా దాటుతుందో చూస్తున్నానని, ఇది హెడ్‌ఫోన్‌లో పెట్టడానికని నిజం చెబితే ఇంకా అనుమానిస్తాడు. "ఫిల్టర్ కే లియే" అని చెప్పి, కత్తిరింపు ముక్కలు ఒక సంచెడు తెచ్చుకున్నాను.

ఆ పేటలోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీయడం నా ఉద్యోగం. హెడ్‌ఫోన్లు విప్పి బిగించడం నా వ్యసనం. మామూలువి కావు, ప్లానార్ మాగ్నెటిక్ అనే రకం. పేరు నోరు తిరగనిదే గానీ, లోపలి సంగతి చీరల ఊరివాడికి తొందరగా అర్థమవుతుంది. పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద జార్జెట్‌కు జరీ వేసినట్టు లోహపు గీతలు, ఆ పొర ముందూ వెనకా అయస్కాంతపు కడ్డీలు. గీతల్లో కరెంటు పారితే పొర మొత్తం ఊగుతుంది. ఆ ఊగడమే పాట. చిక్కల్లా, ఆగాల్సిన చోట అది ఆగదు. వెనక ప్లాస్టిక్ డొల్ల తనూ ఒక పాట అందుకుంటుంది. సన్నని శబ్దాలు సూదుల్లా చెవిలో దిగుతాయి. అందుకని పొర వెనక ఫెల్టు ముక్క, ముందు పల్చటి బట్ట, చెవి మెత్త లోపల స్పాంజి వలయం, గాలి రంధ్రాల మీద ఆసుపత్రి కాగితపు టేపు, డొల్లకు పిల్లలు ఆడుకునే బంకమట్టి. ఒకటి అతికించాలి, వినాలి, పీకాలి, మళ్లీ అతికించాలి. పొరకొక పొరపాటు చొప్పున చేసుకుంటూ పోతే చివరికి ఎక్కడో చెవికి హాయిగా ఉంటుంది. వారం పోయాక అదీ నచ్చదు.

గోడాదరాలో మా ఇంటి గోడ అవతలే మరమగ్గాల కార్ఖానా. పుట్టినప్పటినుంచీ మోత మోసిన చెవులు నావి. కాస్త పదునైన శబ్దం తగిలినా సహించవు. నా పనితనమంతా సన్నని శబ్దాలను నొక్కేయడంలోనే ఉంది. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే, "చెవులకు గుడ్డ కట్టుకునేటోళ్లను చూసిన గానీ, చెవులకు పెట్టుకునేదానికి గుడ్డ కట్టేటోన్ని నిన్నే చూస్తున్న బిడ్డా."

ఆ చెవులు ఎవరి నుంచి రావాలో వాళ్ల నుంచి రాలేదు. మా బాపు వయసులో ఉండగా తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ మగ్గాల మధ్యే నిలబడ్డాడు. ఆయనకు లావు శబ్దాలు బాగానే వినపడతాయి. సన్ననివి రాలిపోయాయి. తలుపు గంట, కుక్కర్ విజిల్, మనవరాలి కీచుగొంతు ఆయన దాకా రావు. వినికిడి యంత్రం కొనిపెట్టాం. పెట్టుకుంటే ఫ్యాను గాలి రైలుబండిలా వస్తోందని బీరువాలో పెట్టేశాడు. పని మానేశాక ఆయనకంటూ మిగిలింది శనివారం భజన ఒక్కటే. గుళ్లో తాళాలు కొట్టేది ఆయనే. శుక్రవారం పొద్దున్నే వాటిని చింతపండు పెట్టి తోమడం మొదలుపెడతాడు. ఆదివారం నుంచి గురువారం దాకా ఆయనకు ఏ వారమో అడగాల్సిన పనిలేదు, అన్నీ ఒకటే.

ఒక ఆదివారం మా కాక వచ్చాడు. సొంత చిన్నాన్న కాదు. బాపు పక్క మగ్గాల మీద పనిచేసినవాడు, ఇప్పుడు భజనలో ఢోలక్ వాయిస్తాడు, మండలికి పెద్ద. నన్ను వంటింట్లోకి తీసుకుపోయి రహస్యం చెప్పాడు. కార్ఖానాలో బతికిన మనిషి రహస్యం ఎలా ఉంటుందంటే, ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్న గుజరాతీ ఆవిడ పని ఆపి మా వైపు చూసింది.

"మీ బాపు తాళాలు మస్తు గట్టిగ కొడుతుండు రా. పాటంత ఆగమైతుంది. నిన్న పూజారి ఒక చేత్తోని ఆరతి ఇచ్చి, ఒక చేత్తోని చెవి మూసుకుండు."

"మీ అందరికీ కూడా గట్టిగా వినపడుతోందా, కాకా?" మండలిలో మగ్గం ఎరగని మనిషి లేడు కాబట్టి అడిగాను.

"గదే చెప్తున్న. మాకే వినపడ్తుందంటే చూస్కో, గెంత గట్టిగనో! తాళాలు వేరేటోనికి ఇద్దామని అందరు అనుకున్నరు. నువ్వే జర మెల్లగ చెప్పు. మేం చెప్తే ఆయన ఇగ గుడికే రాడు."

పక్క గదిలో మంచం మీద కూర్చుని బాపు గోళ్లు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

ఒక్క శనివారం ఆగమని కాకను బతిమాలాను. ఆ సాయంత్రమే బాపుతో అన్నాను, తాళాలు కాస్త మెల్లగా కొట్టకూడదా అని.

"మెల్లగనే కొడుతున్న గదరా. నేను కొట్టేది నాకే వినపడ్తలేదు, ఇంకెంత మెల్లగ కొట్టాలె?"

ఆయన చెవికి ఆయన మాట నిజమే. అందుకని శనివారం గుడికి పోయి, భజన మొత్తం ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చాను. మర్నాడు భోజనాలయ్యాక నా హెడ్‌ఫోన్లలోకెల్లా మంచిది, నా కళాఖండం, బాపు తలకు పెట్టాను. దాని బరువుకు ఆయన మెడ సవరించుకున్నాడు. పాట మొదలైంది. నా పనితనాన్ని ఇంట్లో ఒకరైనా వింటున్నారని నేను పొంగిపోతూ నిలబడ్డాను.

"అంత బురదల నడిచినట్టున్నది రా. ఢోలక్ వస్తుంది, పాట వస్తుంది. తాళాలేవి? నేను పోలేదా నిన్న?"

నా కళాఖండం సంగతి అలా తేలింది. నేను కష్టపడి నొక్కేసిన శబ్దాలే ఆయనకు కావలసినవి. హెడ్‌ఫోన్ తీసి ముందు కాగితపు టేపు పీకాను. పెట్టి చూస్తే, లేదన్నాడు. స్పాంజి వలయం తీశాను. లేదన్నాడు. ఫెల్టు ఊడబెరికాను. ఏదో దూరంగా గలగలమన్నట్టుంది గానీ లేదన్నాడు. ముందున్న బట్ట కూడా చించేశాక ఇక కొత్తలో ఎలా వచ్చిందో అలా నగ్నంగా మిగిలింది. అలా నేను వింటే కళ్లు నీళ్లు తిరుగుతాయి, సంగీతం గొప్పదై కాదు. సౌండు కూడా కొంచెం పెంచి ఆయనకు పెట్టాను.

బాపు వీపు నిటారైంది. "ఇగో... ఇగో వచ్చినయి!" అన్నాడు.

అమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన చూపుడువేలు మంచంకోడు మీద తాళం వేస్తోంది. కొంతసేపటికి ఆ వేలు ఆగింది. నుదురు ముడిపడింది.

"ఎవడు రా వీడు? గిది నా దెబ్బ కాదు. పాడనిస్తలేడు. గిట్ల బాదుతుండేంది?"

నేను తలుపు వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది. చివరికి ఆమే దగ్గరికొచ్చి, ఆయన మొహానికి ఎదురుగా వంగి, పెదవులు కనపడేలా చెప్పింది.

"నువ్వే."

ఆయన హెడ్‌ఫోన్ తీయలేదు. మళ్లీ మొదటినుంచీ పెట్టమన్నాడు. ఆరతి దాకా కదలకుండా విన్నాడు. తీశాక చెవులు తడుముకుంటూ, "మరి ఎవ్వలు చెప్పలేదేంది?" అన్నాడు. కాక చెప్పాడని, తాళాలు వేరేవాళ్లకు ఇద్దామనుకుంటున్నారని, అంతా చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నొచ్చుకున్నాడు.

"వాడు నీకెందుకు చెప్పుడు? కార్ఖానాల నా మశీన్ మీద పోగు తెగితే, నేను చూడకముందే గడ్డం లేపి చూపెట్టేటోడు."

మగ్గాల మధ్య నోటితో మాట్లాడి లాభం లేదు. అక్కడ పనిచేసేవాళ్లు కళ్లతో, కనుబొమలతో, పెదవులతో మాట్లాడుకుంటారు. చేతులు పోగుల్లో ఉంటాయి కాబట్టి ఎక్కువ మాటలు గడ్డంతోనే. పోగు తెగింది, మేస్త్రీ వస్తున్నాడు, చాయ్ తాగుదాం, అన్నిటికీ గడ్డమే. కార్ఖానాలో ఎన్నడూ పనిచేయని నాకు ఆ భాష రాదు.

వినికిడి యంత్రాన్ని మళ్లీ సరిచేయించుకుందాం రమ్మంటే, "ముందు శనివారం కానీ" అన్నాడు. హెడ్‌ఫోన్ మళ్లీ వింటావా అంటే, "ఒకసారి విన్న గదా, చాలు" అన్నాడు. ఊడిన పొరలన్నీ ఏరుకుని మళ్లీ నా చెవులకు తగ్గట్టు అతికించుకున్నాను. అతికిస్తుంటే, ఏమాటకామాట, కొంచెం సిగ్గేసింది.

శనివారం బాపుతో నేనూ గుడికి పోయాను. భజన మొదలవకముందే ఆయన తాళాలు తీసి కాక ముందు పెట్టాడు.

"వేరేటోనికి ఇస్త అన్నవంట?"

కాక నా వైపు చూశాడు. నేను దేవుడి వైపు చూశాను.

"ఇయ్యాలంటే ఇయ్యి. నాకు గుస్సా లేదు. గానీ ఈ ఒక్క వారం చూడు. నేను ఎక్కువ కొడ్తే గడ్డం దించు, తక్కువైతే లేపు. కార్ఖానాల చేసినట్టు. కుదరకపోతే నేనే ఇచ్చేస్త."

"నా చేతులు రెండు ఢోలక్ మీద ఉంటయి గదనే, అన్నా."

"చేతులు ఎవడడిగిండు? గడ్డం ఖాళీనే గద."

కాక నవ్వు ఆపుకోలేక తల ఊపాడు. అందరూ దేవుడి వైపు తిరిగి కూర్చుంటే బాపు కాకకు ఎదురుగా, గర్భగుడికి వీపు పెట్టి కూర్చున్నాడు. మండలిలో ఒకాయనకు అది నచ్చలేదు. బాపు చెవి దగ్గర నోరు పెట్టి, "దేవునికి వీపు పెడ్తవా?" అని అరిచాడు.

"దేవుడు గడ్డం దించుతడా మరి?" అన్నాడు బాపు.

మొదటి పాటలోనే కాక గడ్డం దిగింది. తాళాలు తగ్గాయి. మరీ తగ్గాయి, గడ్డం లేచింది. రెండో పాటకు ఇద్దరికీ కుదిరింది. ఆ ఇద్దరూ దేవుణ్ని మరిచిపోయి, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ వాయిస్తున్నారు. బాపు కళ్లు రెప్ప వేయడం లేదు. ఆరతి దగ్గర మాత్రం భక్తి శ్రుతి మించి బాపు కళ్లు మూసుకున్నాడు. తాళాలు పాత దెబ్బకు వచ్చేశాయి. కాక గడ్డం ఛాతీకి ఆనుకున్నా చూసేవాడు లేడు. చివరికి కాక మోకాలితో బాపు మోకాలిని పొడిస్తే గానీ కళ్లు తెరవలేదు. పూజారి మాత్రం ఈసారి పళ్లెం రెండు చేతులతోనే పట్టుకున్నాడు.

ప్రసాదం పంచాక బాపు తాళాలు తుడిచి, ఏమీ అడగకుండా కాక ముందు పెట్టి కూర్చున్నాడు. ఆయన మొహం మామూలుగానే ఉంది. కాక ఒక చేత్తో మెడ రాసుకుంటూ, ఇంకో చేత్తో వాటిని తీసి బాపు సంచిలో వేశాడు.

"మెడ పట్టేసింది. ఆరతప్పుడు కండ్లు మూసినవంటే వచ్చే వారం నిజంగనే గుంజుకుంట."

మాట వినపడలేదు గానీ, బాపు ఆయన పెదవులే చూస్తున్నాడు. సంచి భుజానికి తగిలించుకుని లేచి, కాక వైపు ఒకసారి గడ్డం లేపాడు. దాని అర్థమేమిటో నాకు తెలియదు. కాక మాత్రం చెప్పులు వేసుకుని ఆయనతో పాటు చాయ్ దుకాణం వైపు నడిచాడు.